కొత్త టైరు చూసి మా బాపు అన్న మాట

ఈ రోజు సాయంత్రం శ్రీరాంపూర్‌లో టైర్ల షాపుకు పోయాను. నా ఎలక్ట్రిక్ స్కూటర్ వెనుక టైరు ఏడాది తిరగకుండానే నున్నగా అరిగిపోయింది. వారం వారం గాలి చూపిస్తున్నా ఇట్లా ఎందుకైందని అడిగాను.

షాపాయన టైరును వేలితో తడిమి, "బ్యాటరీ బండ్లకు ఎక్సలేటర్ ఒక్కసారే గట్టిగ తిప్పితే ఎనుక టైరు జల్ది అరుగుతదక్కా. జర మెల్లగ నడుపుండ్రి" అన్నాడు.

కొత్త టైరు అంటగట్టడానికే చెబుతున్నాడనుకున్నాను. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి సైకిల్ కంటే కాస్త వేగంగా పోయే టీచర్ని నేను. అదే మాట అన్నాను.

"గట్లయితే ఇంకెవరో నడుపుతున్నరు."

టైరు మార్పించుకుని వస్తున్నంతసేపూ అదే అనుమానం. మా ఆయనకు సొంత బైక్ ఉంది. ఇక మిగిలింది మా నాన్న, మా బాపు. బొగ్గు గనిలో చేసి రిటైరై మాతోనే ఉంటున్నాడు. పోయినేడు బండి మీద నుంచి పడి కాలు విరిగినప్పుడు, మళ్లీ హ్యాండిల్ పట్టనని మాటిచ్చాడు. పొద్దున్నే వాకింగ్ అని వెళ్లి చాలాసేపటికి గాని రాడు. చెమట మాత్రం పట్టదు.

గేటు దగ్గరే అడిగాను. "బాపూ, నా బండి నడుపుతున్నవా?"

"నేనా? నేనెందుకు ముడ్త బిడ్డా!" అన్నాడు. అంతలో ఆయన చూపు వెనుక చక్రం మీద పడింది. "కొత్త టైరేపిచ్చినవా? మంచి పని జేసినవ్. మలుపు కాడ మస్తు జారుతుండె."

మళ్లీ పడి ఉంటే ఏమయ్యేదో అనుకున్నాను, వెంటనే నవ్వూ వచ్చింది. తాళంచెవి ఇప్పుడు నా దిండు కింద ఉంది. మీరైతే ఎక్కడ దాస్తారో చెప్పండి.