కామాగారు దాటనిచ్చిన తప్పు

కామాగారి అసలు పేరు ప్రెస్సులో హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కరలేకపోయింది. ముప్పై నాలుగేళ్ళు అక్కడ ప్రూఫులు దిద్దారు. ఒకసారి ఒక్క కామా కోసం నడుస్తున్న యంత్రాన్ని ఆపించారు. కామా పడవలసిన చోట పడింది, పేరు ఆయన మీద పడింది. రిటైరైన రోజున యజమాని చదివి ఇచ్చిన సన్మానపత్రంలో మూడు తప్పులుంటే, వేదిక మీదే దిద్ది, తిరగరాయించమని వెనక్కి ఇచ్చేశారు. అది మళ్ళీ రాలేదు.

ఇంట్లో ఖాళీగా కూర్చున్న మొదటి నెల భార్య రాసిన సరుకుల చీటీలు దిద్దారు. రెండో నెల నుంచి ఆవిడ చీటీలు మానేసి, కావలసినవి నోటితో చెప్పసాగింది. చదవడానికేమీ దొరక్క ఒకరోజు పాత ఇనుము కొట్టు ముందు నిలబడి, త్రాసులోని ఇత్తడి ముక్కల మీద అక్షరాలు చదవడం మొదలుపెట్టారు. అందులో మాజీ సైనికుల సంఘం వాళ్ళ పతకం ఒకటుంది. అంచున చెక్కిన పేరు సగం అరిగిపోయింది. పేరున్న మనిషిని పట్టుకెళ్ళి కరిగించేస్తారా అని ప్రాణం ఒప్పక, తూకానికి కొని తెచ్చుకున్నారు.

ఆరేళ్ళలో అవి రెండువందల పన్నెండయ్యాయి. సైనికుల సంఘాలవి, మిల్లు కార్మికులవి, రైలు కార్మికులవి. ప్రెస్సువాళ్ళు పారేసిన అచ్చక్షరాల అరలు తెచ్చి, పతకాలన్నిటినీ వాటిలో పేర్చి, ఒక్కోదానికి ఒక్కో అట్టముక్క రాశారు. సొంతదారు బతికుంటే అతని మాట వినకుండా అట్ట రాసేవారు కాదు. ఆ మాటలు మాత్రం పతకాలంత మెరిసేవి కావు.

"ధైర్యానికి ఇచ్చారా?" అని ఒక మాజీ సైనికుణ్ణి అడిగారు.

"కాదండీ. నేను వెళ్ళేసరికి యుద్ధం అయిపోయింది. బిళ్ళలు మాత్రం మిగిలాయి."

బట్టల మిల్లులో ఇరవై ఏళ్ళు ఒక్క సెలవైనా పెట్టనందుకు పతకం పుచ్చుకున్న ముసలావిడ, "ఇంట్లో అత్తగారుండేది బాబూ. సెలవు పెట్టి ఎక్కడుండాలి?" అంది.

కామాగారు అక్షరం పొల్లుపోకుండా అట్టల మీద అదే రాశారు.

అలా తిరుగుతూ ఒక మధ్యాహ్నం సరుకుల గోదాము పైఅంతస్తులో ఉన్న హమాలీల సంఘం ఆఫీసుకు వెళ్ళారు. కార్యదర్శి ఆ కుర్చీలో ముప్పై ఆరేళ్ళుగా ఉన్నాడు. కుర్చీకి ఒక కాలు మారింది గానీ మనిషి మారలేదు. బస్తా బరువు తగ్గించాలని ఒకప్పుడు నలభై ఒక్క రోజులు సమ్మె చేశారట. గెలిచాక ప్రతి హమాలీకీ ఒక పతకం చేయించారట. అందులో ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

బస్తా మోస్తున్న మనిషి బొమ్మ, కింద ఒక వాక్యం. కామాగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. 'భ్రమకు జోహార్లు' అని ఉంది.

కార్యదర్శి లేచి తలుపు దగ్గరగా వేశాడు. "చూసేశారా?"

"చూడకుండా ఉండటం నాకు చేతకాదండీ."

"నేనూ తెచ్చిన రోజే చూశాను. శ్రమకు జోహార్లు అని రాసిస్తే అచ్చు చెక్కేవాడు అలా చదువుకున్నాడు. తెల్లారితే సభ. మళ్ళీ చేయించే టైమెక్కడిది? మావాళ్ళకి చదువు రాదు గదా అని పంచేశాను. అన్ని రోజులు పస్తులున్నవాళ్ళకి ఇది తప్పు అని ఏ మొహంతో చెప్పను? ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నాను. మీరూ దాచుకోండి."

సరేనన్నారు కామాగారు. కాని అట్ట రాయాలంటే సొంతదారు మాట వినాలి. సమ్మె నాటి ముఠా మేస్త్రీ గోదాము వెనక వీధిలోనే ఉన్నాడు. మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంటుంది, బస్తా దింపి ఎన్నేళ్ళయినా. అతను పతకాన్ని భార్య గాజుల డబ్బాలోంచి తీసి, వాక్యం మీద వేలు పెట్టి, తనే చదివి వినిపించాడు, భ్రమ దగ్గర ఏమీ తడబడకుండా.

"మీకు చదవడం వచ్చా?"

"ఈ రెండు ముక్కలూ వచ్చు సార్. ఇచ్చిన సాయంత్రమే మా ఆవిడ చదివి చెప్పింది. మర్నాటికి అందరికీ తెలిసింది. పాపం సెక్రటరీగారు అంత ఇదిగా చేయించారు, చెబితే చిన్నబుచ్చుకుంటారని ఎవరం నోరెత్తలేదు. మీరూ అనకండి, ఆయనకి తెలీదు."

"అననులెండి. మరి మీకు బాధ అనిపించలేదా?"

"మొదట్లో అనిపించింది. సమ్మె చేశాక బస్తా బరువు తగ్గించారు. నెల తిరక్కుండా మోసే బస్తాల లెక్క పెంచారు. అప్పట్నించీ ఇది తప్పులా కనిపించలేదు."

కామాగారు ఇంటికి వచ్చి అట్ట ముందు చాలాసేపు కూర్చున్నారు. రెండు వైపులా మాట ఇచ్చి వచ్చిన మనిషికి రాయడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఒక్క పతకం అట్ట లేకుండానే అరలోకి వెళ్ళింది.

మరుసటేడు సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. మళ్ళీ పతకాలు చేయించాలనుకున్నారు. అక్షరాలు చూసిపెట్టడానికి రమ్మని కార్యదర్శి కామాగారికి కబురు పంపాడు. ఈసారి పొరపాటు జరగకూడదని అతని పట్టుదల. మీటింగులో కాగితం పైకెత్తి, "శ్రమకు జోహార్లు. మన పాత మాటే," అని చదివాడు.

మేస్త్రీ మెల్లగా లేచాడు. "పాత మాట అది కాదండీ."

కార్యదర్శి కాగితం దించాడు. "నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు. మీకూ తెలుసా?"

ఇద్దరూ ఒక్కసారే కామాగారి వైపు తిరిగారు.

"ఇద్దరూ చెప్పొద్దన్నారు," అన్నారాయన.

పాత మాటే ఉండాలన్నాడు మేస్త్రీ. చేతులెత్తించారు. భ్రమకు హమాలీల చేతులన్నీ లేచాయి. శ్రమకు కార్యదర్శి ఒక్కడే ఎత్తాడు, చుట్టూ చూసి అతనూ దించేశాడు. కాగితం మీద 'భ్రమకు జోహార్లు' అని రాసి కామాగారి ముందుకు తోశారు. బతుకులో మొదటిసారి ఆయన తెలిసి తెలిసి ఒక తప్పు కింద 'సరిచూశాను' అని రాసి సంతకం చేశారు.

సభ రోజు పొద్దున పతకాల పెట్టె వచ్చింది. విప్పి చూస్తే ప్రతిదాని మీదా 'శ్రమకు జోహార్లు' అని ఉంది. పెట్టెతో పాటు వచ్చిన, పతకాలు చేసిన వర్క్‌షాపు ఓనరు కామాగారిని పక్కకు పిలిచాడు.

"ప్రూఫ్‌రీడరంటున్నారు, ఇంత తప్పు ఎలా వదిలేశారండీ? నా కంట పడబట్టి సరిపోయింది. నలుగురిలో పరువు పోయేది. ఈ సంగతి ఎవరితోనూ అనన్లెండి."

కామాగారు థాంక్స్ చెప్పారు.

సభ బాగానే జరిగింది. చప్పట్లు మర్యాదగా కొట్టారు. మేస్త్రీ తన పతకం అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. ఎవరిదో," అని జేబులో వేసుకున్నాడు.

ఫిర్యాదు ఉత్తరం రాసే పని కామాగారికే పడింది. తప్పు దొర్లనందుకు ఎలా ఫిర్యాదు చెయ్యాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. నాలుగు ప్రతులు చింపేసి ఐదోది పంపారు. జవాబు రాలేదు గానీ రెండు నెలలకు ఇంకో పెట్టె వచ్చింది, పాత మాటతోనే. ఈసారి సభ లేదు, ఉపన్యాసాలు లేవు. పని వేళ ముగిశాక కార్యదర్శి గోదాము మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరినీ పిలిచి తనే చొక్కాలకు గుచ్చాడు. మేస్త్రీకి గుచ్చేటప్పుడు పిన్ను రెండుసార్లు జారింది. ఆఖర్న మిగిలింది కామాగారికి ఇచ్చారు, సంఘం గౌరవ సభ్యుడంటూ.

ఇంట్లో భార్య దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుగులో చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది మీరు చూసే పంపారా?"

"చూశాను. సంతకం కూడా పెట్టాను."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, బల్ల మీది కలం అందుకుంది. మర్నాటికి కావలసిన సరుకులు చీటీ మీద రాయడం మొదలుపెట్టింది.