చిటికెడు బూడిద

అమెరికాలో, ఫ్రిస్కోలో ఉండే మా అమ్మాయి వాళ్ల పక్కింటాయన పెరట్లో కట్టెవిల్లు పట్టుకుని నిలబడ్డాడు. బాణం వేసే ముందు చిన్న డబ్బా నొక్కి తెల్లటి పొడి గాల్లోకి వదిలాడు. కిటికీ దగ్గరున్న నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

నా ఎనిమిదో ఏట మా నాన్న వెదురువిల్లు తీసుకుని నన్నూ వేటకి వెంటబెట్టుకెళ్లాడు. జ్వరం నుంచి లేచిన తమ్ముడు మాంసం కావాలని వారంగా ఏడుస్తున్నాడు. పొదచాటున కదలొద్దన్నాడు నాన్న. చీమలు కుడుతున్నాయి, కూర్చోలేక చస్తున్నాను. నాన్నేమో మాటిమాటికీ పక్కనున్న గుడ్డసంచిలోంచి చిటికెడు బూడిద తీసి జారవిడుస్తున్నాడు. అడవిలో అమ్మవారికి మొక్కుతున్నాడనుకున్నాను. ఇంత పిసినారిగా ఇస్తే ఆవిడ మాత్రం వేటనెందుకు ఇస్తుంది?

అంతలో అడవిపంది వచ్చింది. నాన్న నారి లాగాడు. నేను ఆత్రం పట్టలేక దోసెడు బూడిద తీసి పైకి విసిరాను. పంది ఒక్క ఉరుకున మాయమైంది.

"ఏం పనే ఇది!"

"అమ్మోరికి చాలట్లేదని, నాన్నా."

నాన్న నా జుట్టులో బూడిద దులిపాడు.

ఇంటికొచ్చాక అమ్మ, "ఏదయ్యా వేట?" అంది.

"గాలి తిరిగిపోయిందే," అన్నాడు నాన్న.

తమ్ముడు ఆ పూట కూడా గంజే తాగాడు. నేను పీట మీద కుదురుగా కూర్చోలేకపోయాను. మన వాసన జంతువుకి తగలకుండా, గాలి ఎటుందో చూసుకోడానికే ఆ బూడిదని పెద్దయ్యాక తెలిసింది.

"అమ్మమ్మా, అంకుల్ ఎందుకు పౌడర్ స్ప్రే చేస్తున్నాడు?" అంది మనవరాలు.

"గాలి చూసుకుంటున్నాడే," అన్నాను. నాన్నతో వేటకెళ్లిన ఆ రోజు గాలి తిరగనే లేదని, పందిని బెదరగొట్టింది నేనేనని ఇన్నేళ్లకి దానికే చెప్పాను.