వదిన కణాలు

మా వదినకు మూడుసార్లు కడుపు నిలవలేదు. సామర్లకోటలో మా పిన్ని కూతురి సీమంతానికి ముత్తైదువులు వరసగా గాజులు తొడుగుతున్నారు. వదిన వంతు రాగానే అమ్మ, "నువ్వు లోపల కాఫీల సంగతి చూడమ్మా" అంది. ఎంత మెత్తగా అందో! నాకు ఒళ్లు మండింది గానీ, వదిన వెనకే వెళ్లి కప్పులు అందించాను.

నేను చేసేది ల్యాబ్‌లో మూలకణాల పని. రక్తంలోంచి తీసిన కణాలను వెనక్కి, ఇంకా ఏ అవయవమూ కాని దశకు మళ్లిస్తాం. అక్కడినుంచి, పిండానికి తల్లి నుంచి పోషణ అందించే మాయను కట్టే తొలి కణాలుగా పెంచుతాం. గర్భం నిలవనివాళ్ల రక్తం కావాల్సి వచ్చినప్పుడు వదిన కాగితాలన్నీ చదివి సంతకం పెట్టింది. "దీనివల్ల మీకేమీ ఒరగదు వదినా" అని ముందే చెప్పాను. "ఇంకెవరికైనా ఒరుగుతుందిగా" అంది.

ఆ కణాలకు పోషకద్రవం రోజూ మార్చాలి. ఆదివారం లేదు, పండగ లేదు. ఉత్త పేచీకోరులు! మొదటి విడత మొత్తం చచ్చిపోతే కూర్చుని ఏడ్చాను. రెండో విడతవి చదునుగా పరుచుకుని, మాయ కణాల్లాగే ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మాయ కణాలే అయితే గర్భిణుల్లో కనిపించే హార్మోన్ వదలాలి. మందుల షాపులో ప్రెగ్నెన్సీ స్ట్రిప్ కొనుక్కొచ్చి ఆ ద్రవంలో ముంచాను. రెండు గీతలు! ఎగిరి గంతేసి ఫొటో తీసుకున్నాను.

ఊరొచ్చాక, పనసపొట్టు కూరలో ఆవపిండి కలుపుతున్న వదినకు ఆ ఫొటో చూపించాను. బుద్ధి లేదు నాకు. ఆ రెండు గీతలు ఆవిడ ఇదివరకే మూడుసార్లు చూసింది.

చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇవి నావేనా?"

"మీవే వదినా."

"అయితే నా ఒంట్లో లోపం లేదన్నమాటేగా?"

అవునని అనేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"తెలీదు వదినా. గిన్నెలో పెరిగాయి కదాని కడుపులో సంగతి చెప్పలేం. నిజంగా తెలీదు."

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. హాల్లో అమ్మ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. "రేపు మీ కోడలి సీమంతానికి నేనూ, ఊర్నించొచ్చిన మా అమ్మాయీ వస్తామండి" అంటోంది. వదిన కూడా విన్నది.

ఫోన్ నా చేతిలో పెట్టి, స్టవ్ కట్టేసింది.

"వెళ్లి అత్తయ్యగారికి చెప్పు, ఇంత చదివిన నీకే తెలీదని. ఆవిడ తనకి తెలుసనుకుంటున్నారు."