మా అత్త దాచిన రెండో పొయ్యి

పొద్దున మాకు గవర్నమెంటు ఇల్లు ఇచ్చేదానికి సచివాలయం నుంచి ఒకాయప్ప సర్వేకొచ్చినాడు. మేం ధర్మవరంలో మగ్గం నేసేటోళ్ళం. మా మరిదికి గవర్నమెంటు ఉద్యోగం. ఒకే ఇంట్లో ఉన్నా ఏడాది కిందటే వేరు పడినాం.

నేను నోరు తెరిచేలోపే ఆయప్ప మా అత్తనడిగినాడు.

"ఏమ్మా, చిన్నకొడుకు మీతోనేనా, వేరా?"

"వేరెందుకప్పా! మా ఇంట్లో అందరిదీ ఒకే పొయ్యి," అనింది అత్త, తల పైకెత్తి.

కొడుకులు వేరు పడినారంటే ఆమెకు తలవంపులు. వీధిలో ఎవురికీ చెప్పనీలేదు. ఆయప్ప అందరం ఒకే కుటుంబమని ఫోన్లో నొక్కేసినాడు. ఉద్యోగస్తుడు మా కుటుంబం లెక్కలోకొస్తే ఇల్లు రాదంట!

ఆయప్పను వంటింట్లోకి పిల్చుకోని పోయి రెండు పొయ్యిలూ చూపిచ్చినా.

"ఇరుగుపొరుగోళ్ళను సాక్ష్యానికి పిల్చుకోని రేపు సచివాలయానికి రామ్మా," అని పోయినాడు.

ఇరుగుపొరుగుకు తెలిస్తే కదా సాక్ష్యం చెప్పేది! అందుకే ఫోన్లో ఈడ రాస్తాండా: మా ఇంట్లో ఏడాది నుంచి రెండు పొయ్యిలు మండుతాండాయి. మా వీధోళ్ళు ఎవరన్నా చదివింటే రేపు పదింటికి నాతో రాండి.

మా అత్తకు మాత్రం చెప్పాకండి.