వేడి టీతో మాత్ర

బస్సెక్కితే చాలు, నా కడుపు మెలిపెడుతుంది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం కూర్చుని, డాక్టరిచ్చిన ప్రోబయోటిక్ మాత్రను పొగలు కక్కే టీతో మింగబోతుంటే పక్కనున్న రొయ్యల రైతు ఆపేరు.

“మేడమ్ గారూ, అందులో ఉండేది బతికున్న సూక్ష్మజీవులండీ. వేడికి చచ్చిపోతాయి. మేం రొయ్యల చెరువులోనూ ఇలాంటివే వేస్తామండీ, చల్లటి నీళ్ళల్లోనే కలుపుతాం. ఆ సూక్ష్మజీవులకి మేతగా బెల్లం, తవుడు కూడా వేస్తామండీ.”

“నేనేమన్నా రొయ్యనా?”

“ఆయ్, కాదండీ. రొయ్యలైతే ఎదురు చెప్పవండీ.”

ఎమ్మే చదివిన నేను అప్పుడు పెట్టె తిప్పి చూశాను. వేడి పానీయాలతో వద్దని రాసే ఉంది. టీ పక్కన పెట్టి నీళ్ళతో మింగాను.

తర్వాత ఆ మేత సంగతి డాక్టర్నడిగితే నవ్వి, అరటిపండు, ఓట్సు రాసిచ్చారు. పూర్తిగా తగ్గిందనను గానీ, మొన్న విజయవాడ దాకా బస్సులో హాయిగా నిద్రపోయాను.