అంగడి కత్తెర మీద వేసిన నింద

నేను ఏళ్ల తరబడి మోస్తున్నది ఒక కత్తెర బరువు. నవ్వకండి. నిద్ర పట్టనివ్వని బరువేం కాదది. నిద్ర బాగానే పట్టేది, పని బాగానే సాగేది, పేరు కూడా వచ్చింది. ఎవరైనా నా పనిని మెచ్చుకున్నప్పుడు మాత్రం లోపల ఎక్కడో కలుక్కుమనేది. పేరు పెరిగేకొద్దీ అదీ పెరిగింది. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి మనిషి నాకెక్కడ దొరుకుతారు?

గోదావరిఖనిలో నాకు చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. ఆడవాళ్ల జాకెట్లు, ముఖ్యంగా పెళ్లి జాకెట్లు కుడతాను. నేర్చుకుంటామని వచ్చిన ఆడవాళ్లకు నేర్పుతాను. దుకాణంలో అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మేకుకు పెద్ద కత్తెర ఒకటి కనిపిస్తుంది. ఇత్తడి పిడి, బరువైన ఇనుప రెక్కలు. నాకు పని నేర్పిన మాస్టర్ సాబ్ ఇచ్చిన కత్తెర అది. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ దాన్ని చూపించి, "పనిముట్టు మంచిదైతేనే పని మంచిగైతది. అంగడి కత్తెరతోటి అంగడి పనే వస్తది" అని చెప్పేదాన్ని. ఒకామె వారపు సంతలో కొన్న అంగడి కత్తెర పట్టుకొని వస్తే, అసలుది తెచ్చుకుని రమ్మని వెనక్కి పంపాను. ఆమె మళ్లీ రాలేదు.

నేను చెప్పిందంతా అబద్ధం. నా దుకాణంలో ఆ పెద్ద కత్తెర ఒక్క గుడ్డ కూడా కోయలేదు. నేను కోసేదంతా పరదా వెనక, ఆదివారం అంగడిలో గోనెసంచి మీద కుప్ప పోసి అమ్మే ప్లాస్టిక్ పిడి కత్తెరతోనే. అదీ ఎడమ చేత్తో.

అవును, నాది ఎడమచేతి వాటం. అన్నం తినడం, రాయడం మా అవ్వ కొట్టి కొట్టి కుడిచేతికి మార్చింది గానీ కత్తెర దగ్గర ఆమె ఓడిపోయింది. పెద్ద కత్తెర పిడి కుడిచేతి బొటనవేలికి తగ్గట్టు ఒంపు తిరిగి ఉంటుంది. ఎడమ చేత్తో పడితే వేలును కొరుకుతుంది. అంగడి కత్తెరకు అలాంటి పట్టింపు లేదు. దాని రెండు కన్నాలూ ఒక్కలాంటివే. రెక్కలు కుడిచేతి వాళ్లకే కూర్చినవైనా, బొటనవేలిని కాస్త లోపలికి లాగి పట్టానంటే గీత మీద నుంచి వెంట్రుకవాసి తప్పను. దానికి లోపాలు లేవా? ఉన్నాయి. మర ఊరికే వదులవుతుంది. సాన పట్టే ఆయన సైకిల్ గంట వినపడగానే పరుగెత్తాలి. ప్యాంటు గుడ్డ నాలుగు మడతలు వేసి దాంతో కోయమంటే చేతులెత్తేస్తుంది. రవిక గుడ్డకు మాత్రం అది చాలు. అన్ని రకాలుగా ఆలోచించి చెబుతున్నాను, చాలు.

కానీ పెళ్లి బట్టను ఎడమ చేత్తో కోస్తే మా దిక్కు ఒప్పుకుంటారా? అందుకే పరదా. ఇంతవరకైతే ఇది భయం. భయానికి ఇంత ఒప్పుకోలు అక్కర్లేదు. అసలు సంగతి సమ్మక్కది.

మాస్టర్ సాబ్ దగ్గర నాతో పాటు సమ్మక్క పనిచేసేది. నా ఈడుదే. వాళ్ల బాపు బొగ్గుబాయిలో కార్మికుడు. నా చేతి సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. మాస్టర్ సాబ్ నమాజుకు వెళ్లినప్పుడల్లా తన ఎర్ర పిడి అంగడి కత్తెర నాకిచ్చి, తను గుమ్మంలో కాపలా నిలబడేది. నా చెయ్యి కుదిరింది ఆ కత్తెరతోనే.

ఒకరోజు ధర్మపురిలో పెళ్లి ఉందని ఒకావిడ బిడ్డ కోసం పట్టుగుడ్డ తెచ్చింది. మాస్టర్ సాబ్ గుర్తులు గీసి, "నువ్వే కొయ్యి బేటా" అంటూ తన పెద్ద కత్తెర నా చేతికిచ్చి నమాజుకు వెళ్లారు. ఆవిడ గాజుల దుకాణానికి వెళ్లింది. సమ్మక్క తన కత్తెర నా ముందు పెట్టి, "జర దీంతోటే కోయరాదే" అని, నీళ్లు తేవడానికి పోయింది. నేను వినలేదు. ఎందుకు వినలేదు? చూసేవాళ్లు ఎవరూ లేరే, హాయిగా ఎడమ చేత్తో కోసుకోవచ్చే! ఆయన అంత నమ్మకంగా తన కత్తెర ఇచ్చారు కదా, ఆయన కత్తెరతో, ఆయన లాగే కుడి చేత్తో కోసి నిలబడాలని పంతం పుట్టింది. మెడ ఒంపు దగ్గర చెయ్యి జారింది. పట్టు భుజం దాకా తెగింది.

అప్పుడు నేను చేసిన పని ఇది. పెద్ద కత్తెరను తీసుకెళ్లి మేకుకు తగిలించాను. ఎర్ర పిడి కత్తెరను తెగిన పట్టు మీద పెట్టాను. గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డాను.

సమ్మక్క నీళ్లతో లోపలికి వెళ్లింది, ఆ వెనకే మాస్టర్ సాబ్, ఆవిడ వచ్చారు. మాస్టర్ సాబ్ గుడ్డ ఎత్తి చూశారు.

"ఎవలు కోసిండ్రు గిది?"

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా సగం పాపమే అయ్యేది. నేను ఊరుకోలేదు. "నేను జర బయటికి పోయిన సాబ్. వచ్చేవరకు గిట్లయ్యింది" అన్నాను.

"సమ్మక్కా, గీ అంగడి కత్తెరతోటి పట్టు కోస్తరా? అకల్ ఉన్నదా నీకు?"

"నేను కోయలే సాబ్" అంది సమ్మక్క. ఒక్కసారే అంది. పెళ్లికూతురి తల్లి నీ చేతులిరుగ అని తిట్టింది. రేపటి నుంచి రావద్దన్నారు మాస్టర్ సాబ్. సమ్మక్క నా వైపు చూసింది. నా ఎడమచేతి సంగతి అప్పుడు బయటపెడితే నా బతుకు అక్కడితో సరి. పెట్టలేదు. తన కత్తెర తీసుకుని వెళ్లిపోయింది.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను ఆడలేక పక్కదాని మద్దెలను ఓడన్నాను. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికే కదా, తర్వాత ఇన్నేళ్లు అంగడి కత్తెరను అందరి ముందూ తిట్టింది? మాస్టర్ సాబ్ దుకాణం మూసేస్తూ పెద్ద కత్తెర నాకే ఇచ్చారు. ప్రతి దసరాకూ దాన్ని పీట మీద పెట్టి పసుపు కుంకుమ పెట్టేదాన్ని. అన్నం పెట్టిన కత్తెర మాత్రం పరదా వెనక తెగిన గుడ్డ ముక్కల కింద ఉండేది.

మొన్న దసరాకు కూడా పీట వేశాను. నేర్చుకునేవాళ్లు, ఇరుగుపొరుగు, పాత గిరాకీలు జమ్మి ఆకు చేతిలో పెట్టి పోవడానికి వచ్చారు. నేర్చుకునే ఆమె ఒకతె కత్తెర తుడుద్దామని రెక్కలు తెరవబోయింది. రాలేదు. గట్టిగా లాగింది. కీలు నిండా తుప్పు.

"అక్కా, గిది తెరుసుకుంటనే లేదు. మరి నువ్వు రోజు దేంతోటి కోస్తున్నవ్?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఏదో ఒక సాకు నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఉన్నట్టుండి విసుగు పుట్టింది నా మీద నాకే. పరదా లాగి పడేశాను. అంగడి కత్తెర తెచ్చి పీట మీద పెట్టి, ఎడమ చేత్తోనే బొట్టు పెట్టాను. ఆ చేత్తోనే దాన్ని పట్టి, బల్ల మీదున్న పెళ్లి పట్టును అందరి ముందూ కోశాను. మెడ ఒంపు సర్రున తిరిగి వచ్చింది. అంత బాగా నేనెప్పుడూ కోయలేదు!

"ఎడమ చేత్తోనా? పెండ్లి బట్ట!" అందొక పెద్దావిడ.

"అవ్ పెద్దమ్మా. నీ బిడ్డ పెండ్లి రైక కోసింది గూడ గీ చెయ్యే, గిసువంటి కత్తెరే."

ఆ బిడ్డ పక్కనే ఉంది, చంకలో పిల్లాడితో, నిండుగా నవ్వుతూ. పెద్దావిడ మనవడిని అందుకుని తనూ నవ్వింది. ఒకావిడ మాత్రం తన గుడ్డ వాపసు తీసుకుపోయింది. పోనీ. నాకు గంతులెయ్యాలనిపించింది. వెనక్కి పంపిన ఆమెకు ఆ సాయంత్రమే కబురు పెట్టాను, నీ కత్తెర తీసుకునే రమ్మని.

అయినా అది సగమే. మిగతా సగం గోదావరి అవతల, మంచిర్యాలలో ఉంది. సమ్మక్క అక్కడ దుకాణం పెట్టిందని నాకు ఎప్పుడో తెలుసు. వెళ్లాను. పెద్ద దుకాణం, నలుగురు పనివాళ్లు. బల్ల మీద ఎర్ర పిడి అంగడి కత్తెర. నేను నింద వేసి తరిమిన కత్తెర గెలిచి కూర్చుంది. సిగ్గుపడాలో సంబరపడాలో తెలియలేదు. రెండూ అయ్యాయి.

నిలబడే అంతా చెప్పాను. ఆమె కోస్తూనే వింది. నా చేతి సంగతి ఆరోజు ఎందుకు బయటపెట్టలేదని అడిగాను.

"చెప్తే నీ బతుకు గూడ పోతుండె. ఇద్దరం పోయి ఏం లాభం?"

మాఫ్ చేయమన్నాను. ఆమె గుడ్డ చివరి దాకా కోసి, కత్తెర పక్కన పెట్టి అప్పుడంది: "నాకు చెప్తే ఏమొస్తది? నాకు తెల్వందా? తెల్వనోల్లకు చెప్పు."

మాస్టర్ సాబ్‌కు చెప్పాలంటే ఆయన లేరు. ఆ పెళ్లికూతురి తల్లి ఎక్కడుందో తెలియదు. ఇక తెలియనివాళ్లంటే మీరే. అందుకే రాస్తున్నాను. వినండి. ఆ పట్టు పాడు చేసింది సమ్మక్క కాదు. ఆమె అంగడి కత్తెర కాదు. మంచి కత్తెరతో, కుడి చేత్తో, నేను పాడు చేశాను.