నల్లజర్లకు సున్నా బస్సులు

తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను లెక్కలు చెప్పేదాన్ని. ఆపరేషన్స్ రీసెర్చ్‌లో, అంటే ఉన్నవాటిని పొదుపుగా సర్దే లెక్కల్లో, తనను మించినవాళ్లు రెండు గోదావరి జిల్లాల్లోనూ లేరని మా హెడ్ గారి నమ్మకం. పాపం, ప్రిన్సిపాల్ గారూ అదే నమ్మారు. ఉన్న అయిదు బస్సుల్లో ఏ ఊరికి ఎన్ని పంపాలో తేల్చమని ఆయనకే అప్పగించారు.

కంప్యూటర్ ఆయనకు ముక్కల్లో జవాబిచ్చింది. ఏలూరుకు రెండున్నర దాటి, మండవల్లి వైపు ఒకటీ చిల్లర, జంగారెడ్డిగూడేనికి అర కన్నా తక్కువ, నల్లజర్లకూ అర కన్నా తక్కువ. అర దాటినదాన్ని పైకి, దాటనిదాన్ని కిందికి సర్దేశారు. ఏలూరుకు మూడు, మండవల్లికి ఒకటి, మిగతా రెండూళ్లకు సున్నా. పైగా ఒక బస్సు మిగిల్చానని స్టాఫ్ రూములో టీ ఇప్పించారు.

"బస్సు ముక్కలుగా తిరగదు కదండీ. పూర్ణసంఖ్యలే రావాలని ముందే షరతు పెట్టి చేయాలండీ" అన్నాను.

"అది అయిదో యూనిట్టమ్మా. పరీక్షలో రాదు" అన్నారాయన ఎంతో సౌమ్యంగా. మర్యాదకు లోటు లేని మనిషి. లోటంతా బుర్రలోనే.

సోమవారం నల్లజర్ల పిల్లలు ఆర్టీసీ బస్సులో వేలాడుతూ వచ్చేసరికి మొదటి పీరియడ్ అయిపోయింది. వాళ్లకు ఆబ్సెంట్ వేసిందీ ఆయనే.

"మా బస్సు ఏమైందండీ?" అని ఒకమ్మాయి అడిగింది.

"ఆప్టిమైజేషన్‌లో పోయిందమ్మా" అన్నారు, నవ్వకుండా.

ఆ వారమే నేను కూర్చుని చేశాను. ఒక్కో దారిలో బస్సు నడపాలా, వద్దా అని రెండు కొమ్మలుగా చీల్చుకుంటూ, పనికిరాని కొమ్మను అక్కడే నరికేస్తూ పోవడమే పద్ధతి. జంగారెడ్డిగూడెం బస్సు ఎలాగూ నల్లజర్ల మీదుగానే రావాలి. కళ్లున్నవాడికి కనిపించే ఆ సంగతి ఆయన పట్టికలో లేదు. ఆ రెండూళ్లకూ కలిపి ఒకటి, మండవల్లిలో మిగిలినవాళ్లను ఎక్కించుకుని ఏలూరు మీదుగా వచ్చేది ఒకటి, నేరుగా మండవల్లికి ఒకటి, ఏలూరుకు రెండు. ఎవరూ రోడ్డు మీద మిగల్లేదు.

నా కాగితం ప్రిన్సిపాల్ గారి బల్ల మీద చాలారోజులు పడుంది. జంగారెడ్డిగూడెం తల్లిదండ్రులు వచ్చి వరండాలో బైఠాయించాకే దానికి మోక్షం కలిగింది. షెడ్డులో పడున్న బస్సు రోడ్డెక్కింది.

ఆ ఏడాది మా కాలేజీ సెమినార్‌లో హెడ్ గారు ఈ బస్సుల మీదే గంటసేపు మాట్లాడారు. మొదట సున్నాలు వేయడం కూడా పద్ధతిలో భాగమేనట. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత పక్కన నిలబడి ఫొటో దిగమని నన్ను పిలిచారు.

"క్లాసుందండీ" అని చెప్పి వచ్చేశాను. నిజానికి ఆ పూట నాకు క్లాసు లేదు.